బసవ జయంతి ఫ్లెక్సీలు: బసవన్నకు వారసులమని చెప్పుకునే హక్కు ఏ పార్టీకి ఉంది?

సింగూరు_ఒడ్డు
మాది జహీరాబాద్ వైపు ఒక పల్లె. మాది లింగాయత కుటుంబం, మా ఇంట్లో మూడు తరాలుగా అందరి మెడలోనూ చిన్న శివలింగం ఉంచుకునే లింగకాయ ఉంది. ఈసారి బసవ జయంతికి మా ఊరి కూడలిలో జరిగినది చెప్పి, నా కోపం సబబో కాదో మిమ్మల్ని అడగాలనిపించింది. ప్రతి ఏడూ ఎడ్లబండిని కడిగి, మామిడి తోరణం కట్టి, పన్నెండో శతాబ్దంలో కులభేదాలను కాదన్న బసవేశ్వరుడి, అంటే మా బసవన్న పటం పెట్టి ఊరేగిస్తాం. ఈ ఏడాది బండి కూడలికి చేరేసరికి రెండు పార్టీల ఫ్లెక్సీలు రోడ్డుకు అటూ ఇటూ వెలిసి ఉన్నాయి. రెండింటిలోనూ నాయకుల ముఖాలు తలుపు రెక్కలంత ఉంటే, బసవన్న మాత్రం ఒక మూలన తపాలా బిళ్ళంత ఉన్నాడు. పొద్దున ఒక పార్టీ నాయకుడు మైకు పట్టుకుని, బసవన్న ఈనాడు ఉండి ఉంటే మా పార్టీలోనే ఉండేవాడన్నాడు. సాయంత్రం రెండో పార్టీ నాయకుడు వచ్చి, పార్టీ పేరు మార్చి అదే వాక్యం చెప్పాడు. మా తాత వయసు ఎనభై నాలుగు. ఆయన అరుగు మీద కూర్చుని, "గా లీడర్ను బసవన్న ఏ ఊరోడో చెప్పుమను బిడ్డా" అన్నాడు. ఎవరూ చెప్పలేదు. ఎనిమిది వందల ఏళ్ల కిందట పోయిన మనిషిని ఇలా తమ ఖాతాలో వేసుకునే అధికారం వీళ్లకు ఎవరిచ్చారు?

చెరువుగట్టు
తపాలా బిళ్ళంతైనా వేశారు, సంతోషించండి. మా ఊళ్లో వేసిన ఫ్లెక్సీలో బసవన్నకు బదులు ఎవరో గుర్రమెక్కిన రాజుగారి బొమ్మ పడింది, ఎవరూ గుర్తుపట్టలేదు.

పాతపేపరు_పంతులు
మీ కోపం సబబే కానీ, ఈ జాడ్యం మీ కూడలిలో పుట్టింది కాదు, కర్ణాటకలో బాగా ముదిరి మీ దాకా పాకింది. వరసగా చూడండి. 2013లో సిద్ధరామయ్య మొదటిసారి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన మే 13 బసవ జయంతి. 2015 నవంబరులో లండన్‌లో థేమ్స్ నది ఒడ్డున బసవేశ్వరుడి విగ్రహాన్ని ప్రధాని మోదీ ఆవిష్కరించారు. 2021 జనవరిలో బసవకల్యాణంలో 500 కోట్ల రూపాయల అంచనాతో కొత్త అనుభవ మంటపానికి (బసవన్న అనుచరులైన శరణులు కూడి చర్చించుకున్న చోటు పేరది) అప్పటి బీజేపీ ముఖ్యమంత్రి యడియూరప్ప శంకుస్థాపన చేశారు, ఏప్రిల్‌లో అదే నియోజకవర్గంలో ఉప ఎన్నిక జరిగింది, ఆయన పార్టీయే గెలిచింది. 2023 మార్చిలో ధార్వాడలో మోదీ మాట్లాడుతూ, బసవేశ్వరుడి విగ్రహం ఉన్న లండన్‌లోనే భారత ప్రజాస్వామ్యాన్ని ప్రశ్నించడం ఆయనను అవమానించడమేనన్నారు. ఆ మాట ఎవరిని ఉద్దేశించిందో ఆ రాహుల్ గాంధీ, నెల తిరిగాక బసవ జయంతికి బసవన్న సమాధి ఉన్న కూడలసంగమలో ఉన్నారు. మరుసటి నెలలోనే శాసనసభ ఎన్నికలు. 2024 జనవరిలో కాంగ్రెస్ ప్రభుత్వం బసవణ్ణను కర్ణాటక సాంస్కృతిక నాయకుడిగా ప్రకటించింది. ఈ వరసలో ఒక్క పార్టీనే తప్పుపట్టడానికి ఎక్కడా సందు లేదు.

నిష్ఠూరం
పంతులుగారూ, ఎందుకు ఇంత పోటీ అన్నది మీరు చెప్పలేదు. ఓట్ల కోసమే అని ఒక్క ముక్కలో తేల్చవచ్చు కానీ, ఆ ఓట్లు ఇంత గట్టిగా ఎందుకు కదులుతాయో తెలియాలి కదా.

పాతపేపరు_పంతులు
దానికి 1990 దాకా వెళ్లాలి. 1989లో వీరేంద్ర పాటిల్ నాయకత్వంలో కాంగ్రెస్ 224 స్థానాలకు 178 గెలిచింది. మరుసటి ఏడాది ఆయన జబ్బుపడి ఉండగా, రాజీవ్ గాంధీ బెంగళూరు విమానాశ్రయంలో నిలబడి ముఖ్యమంత్రిని మారుస్తున్నామని ప్రకటించారు. బసవన్నను గురువుగా కొలిచే లింగాయతులు దానిని తమవాడైన పెద్దకు జరిగిన అవమానంగా తీసుకున్నారు. 1994 ఎన్నికలలో కాంగ్రెస్ 34కు పడిపోయింది. అదొక్కటే కారణం కాకపోవచ్చు, కానీ కర్ణాటకలో రాజకీయం చేసేవారంతా ఆ సంఘటనను నేటికీ పాఠంలా చదువుతారు. యడియూరప్ప ఎదుగుదలకు అక్కడ ఏర్పడిన ఖాళీ చాలా ఉపయోగపడింది. నాయకుణ్ని తీసేస్తే ఓటు పోతుందని అర్థమైన తరువాత, ఎవరూ తీసేయలేని నాయకుడు బసవన్నే కనుక అందరూ ఆయన దగ్గరకే చేరారు.

తాండూరు_నాపరాయి
నాకు ఒక విషయం అర్థం కావడం లేదు. బసవన్న సన్యాసి కాదు. కల్యాణంలో, అంటే నేటి బసవకల్యాణంలో, బిజ్జలుడి కొలువులో భండారిగా, మంత్రిగా పనిచేసినవాడు. ఖజానా తాళాలు పట్టుకుని, రాజు పక్కన కూర్చుని, అదే సమయంలో శరణులకు అన్నం పెట్టి సంఘాన్ని మార్చాలని చూసినవాడు. అటువంటి మనిషి పేరు రాజకీయంలో వినిపిస్తే మైలపడిపోతుందన్నట్టు మాట్లాడటం నాకు నచ్చలేదు. రాజకీయ నాయకులు గుర్తు చేయకపోతే మన పిల్లలకు ఆయన పేరు ఎవరు చెబుతారు? మా తాండూరులో ఇరవై ఏళ్ల కిందట బసవ జయంతి అంటే అక్షయ తృతీయ నాటి బంగారం కొట్ల ప్రకటనలే తప్ప మరేమీ కనబడేది కాదు.

చెరువుగట్టు
వైశాఖ శుద్ధ తదియ ఒక్కటే, అందులో బసవన్నా ఉన్నాడు, బంగారమూ ఉంది. ఏది ఎక్కువ అమ్ముడుపోతుందో నాపరాయిగారే చెప్పాలి.

సింగూరు_ఒడ్డు
నాపరాయిగారూ, మంత్రిగా ఉండటం వేరు, మంత్రి పదవి కోసం ఒకరి పేరు వాడుకోవడం వేరు. బసవన్న చివరికి పదవి ఉంచుకున్నాడా, వదిలి కూడలసంగమకు పోయాడా? ఎందుకు పోయాడో మన నాయకులలో ఒక్కరైనా వేదిక మీద చెప్పారా?

ద్విపద_ప్రియ
నేను ముప్పై ఏళ్లు తెలుగు పాఠం చెప్పి విశ్రాంతి తీసుకున్నదానిని. కొంచెం పక్కకు వెళ్తున్నాననుకోకండి, విషయంలోనే ఉన్నాను. బసవన్నను తమవాడిగా చేసుకున్న మొదటివాడు ఏ నాయకుడో కాదు, మన పాల్కురికి సోమనాథుడే. 13వ శతాబ్దంలో బసవ పురాణాన్ని ఆయన సంస్కృతంలో కాక, కన్నడంలోనూ కాక, జాను తెనుగులో ద్విపదగా రాశాడు. దానినే భీమకవి 1369లో కన్నడంలోకి తీసుకుపోయాడు. అంటే కన్నడిగుల బసవన్నకు మొదటి పురాణం తెలుగులో పుట్టిందన్నమాట. సోమన బసవన్నను నందీశ్వరుడి అవతారంగా చేశాడు, అడుగడుగునా మహిమలు పెట్టాడు. భక్తితో చేశాడు, లాభం కోసం కాదు. అయినా మనిషిని అవతారం చేయడంతో ఆయన చేసిన పనిని మనం చేయనక్కరలేదన్న వెసులుబాటు కూడా దొరికింది. ఇప్పటి ఫ్లెక్సీల వాళ్లు ఆ వెసులుబాటునే వాడుకుంటున్నారు. ఒకటి మాత్రం సోమన దాచలేదు. వటువుగా ఉన్న బసవడు తనకు ఉపనయనం వద్దని తండ్రితో వాదించిన ఘట్టాన్ని ఉన్నదున్నట్టు రాశాడు.

పాతపేపరు_పంతులు
ద్విపద_ప్రియగారు చెప్పిన ఆ ఘట్టం దగ్గరే 2022లో కర్ణాటకలో పెద్ద గొడవ జరిగింది. సవరించిన పాఠ్యపుస్తకంలో బసవన్న ఉపనయనం గురించీ, వీరశైవం గురించీ రాసిన వాక్యాలు చరిత్రకు విరుద్ధమని మఠాధిపతులు కొందరు అభ్యంతరం చెప్పారు. చివరికి బొమ్మై ప్రభుత్వం ఆ పాఠాన్ని సవరిస్తామని చెప్పవలసి వచ్చింది. ముఖ్యమంత్రి స్వయంగా లింగాయతు, ఆయన పేరులోనే బసవరాజు ఉన్నాడు. అయినా జంధ్యం వద్దన్న పిల్లవాడిని పాఠంలో పెట్టడం ఇబ్బందిగానే ఉంది.

గుంటూరు_ఆరాధ్య
ఇక్కడ అందరూ బసవన్న ఒక్కడే శైవమన్నట్టు మాట్లాడుతున్నారు. మాది ఆరాధ్య కుటుంబం. మా ఇంట్లో జంధ్యమూ ఉంది, లింగమూ ఉంది. మాకు మల్లికార్జున పండితారాధ్యుడు గురువు, సోమనాథుడు ఆయన చరిత్ర కూడా రాశాడు. పండితారాధ్యుడికి బసవన్నంటే ప్రాణమే కానీ, వేదాన్నీ బ్రాహ్మణ్యాన్నీ ఆయన వదులుకోలేదు. కనుక లింగాయతం హిందూ మతం నుంచి వేరని కర్ణాటకలోని కాంగ్రెస్ ప్రభుత్వం తీర్మానించి కేంద్రానికి పంపితే, మా వంటివారం ఏ గట్టున ఉండాలి? నా దృష్టిలో 2018లో జరిగినదే ఈ వారసత్వపు గొడవలలో అన్నిటికంటే పెద్ద దుర్వినియోగం.

లా_పాయింటు
ఆరాధ్యగారి బాధ నిజమైనదే, కానీ ఆ విషయాన్ని కొంచెం విడదీసి చూడాలి. వేరే మతంగా గుర్తించాలన్న కోరిక ఎన్నికల కోసం పుట్టినది కాదు, అది సంఘం లోపల చాలాకాలంగా ఉంది. ఎన్నికల కోసం తేదీ మాత్రం కుదిరింది. 2017లో బీదరు నుంచి మొదలుకుని పెద్ద పెద్ద సభలు జరిగాయి, డిసెంబరులో విశ్రాంత న్యాయమూర్తి నాగమోహన్ దాస్ అధ్యక్షతన సంఘం వేశారు, 2018 మార్చి మొదట్లో నివేదిక అందింది, మార్చి 19న మంత్రివర్గం ఆమోదించింది, మేలో పోలింగు. ఇంత పెద్ద ప్రశ్నకు మూడు నెలలలో జవాబు రాయడం ఏ కోర్టులోనూ చూడలేదు. పైగా టి.ఎం.ఎ. పాయ్ కేసులో 2002లో సుప్రీంకోర్టు మైనారిటీని రాష్ట్రం యూనిట్‌గా లెక్కించాలన్నది కనుక, కర్ణాటకలో మైనారిటీ హోదా వస్తే రాజ్యాంగం 30వ అధికరణం కింద విద్యాసంస్థలు నడుపుకునే ప్రత్యేక హక్కు దక్కుతుంది. లింగాయత మఠాల చేతిలో ఎన్ని వైద్య, ఇంజినీరింగు కళాశాలలు ఉన్నాయో తెలిసినవారికి ఆ హోదా విలువ వేరే చెప్పనక్కరలేదు. ఇందులో బసవన్న తత్త్వం ఎంత, సీట్ల లెక్క ఎంత అన్నది ఎవరికి వారే తూచుకోవాలి.

నిష్ఠూరం
అంత చేసినా ఆ ఎన్నికలలో కాంగ్రెస్ 80 దాటలేదు, బీజేపీకి 104 వచ్చాయి. కేంద్రం ఆ సిఫారసును పక్కన పెట్టింది. బసవన్న ఎవరికీ పని చేయలేదు.

గుంటూరు_ఆరాధ్య
లా_పాయింటుగారూ, కోరిక పాతదైనా, దానిని తీసుకుని ఊళ్లలో హిందువులమేననే వీరశైవులు ఒక వైపు, వేరే మతమనే లింగాయతులు ఒక వైపు అని చీల్చినవారు ఎవరు? ఒకే మంత్రివర్గంలోని వారు రెండు వైపులా నిలబడి ఉపన్యాసాలు ఇవ్వలేదా? మా బంధువుల పెళ్లిలో ఈ విషయం మీద రెండు పంక్తులవారు మాట్లాడుకోకుండా భోంచేసి వెళ్లారు.

లా_పాయింటు
చీలిక పెంచింది వారే, ఒప్పుకుంటాను. కానీ "అందరం ఒకటే" అన్నవారు కూడా బసవన్న కోసం అనలేదు, చీలితే ఓటు చీలుతుందని అన్నారు. తత్త్వం రెండు వైపులా సాక్షిగానే నిలబడింది, దానిని ఎవరూ విచారించలేదు.

బెంగళూరు_కోడలు
మాది అనంతపురం, పెళ్లయి బెంగళూరు వచ్చి పద్దెనిమిదేళ్లు. ఇక్కడ ప్రభుత్వ కార్యాలయాలన్నిటిలోనూ బసవన్న పటం పెట్టాలన్న ఉత్తర్వు వచ్చింది. ఆ మధ్య ఒక ధ్రువపత్రం కోసం ఒక కార్యాలయానికి మూడు రోజులు తిరిగాను. గోడ మీద కొత్త పటం, దానికి గంధపు చెక్కపొట్టు దండ, పటం కింద పెద్ద అక్షరాలతో "కాయకవే కైలాస" అన్న మాట, ఆ మాటకు సరిగ్గా కింద ఒక ఖాళీ కుర్చీ. కుర్చీ వెనక తువ్వాలు మాత్రం ఆరేసి ఉంది. పనే కైలాసమని రాసిన గోడ కింద పనివాడు కైలాసానికే వెళ్లాడేమోనని పక్కనున్న పెద్దాయన అంటే, వరుసలో ఉన్నవాళ్లందరం నవ్వాం. మూడో రోజు కుర్చీలో మనిషి కనిపించాడు, పటం వైపు తిరిగి దండం పెట్టుకుని, నన్ను సోమవారం రమ్మన్నాడు.

నిష్ఠూరం
ఇంకొక సంగతి. ఆ "కాయకవే కైలాస" అన్నది బసవన్న వచనం కాదు (వచనాలంటే శరణులు కన్నడంలో చెప్పిన చిన్న గద్యకవితలు). ఆయ్దక్కి మారయ్య వచనంలోది. రాలిన బియ్యపు గింజలు ఏరుకుని బతికిన శరణుడు ఆయన. ఒకనాడు అవసరానికి మించి బియ్యం ఇంటికి తెస్తే, భార్య లక్కమ్మ ఈ ఆశ మనకెందుకని తిరిగి ఇచ్చి రమ్మని పంపించిందట. ప్రధానుల నుంచి పంచాయతీ సభ్యుల దాకా అందరూ ఆ మాటను బసవన్నకే అంటగడతారు. బియ్యం ఏరుకునేవాడి పేరు చెబితే ఓట్లు రాలవు కాబోలు.

ద్విపద_ప్రియ
నిష్ఠూరంగారు చెప్పింది సరైనదే. ఆ వచనాలు తాళపత్రాలలో ఇంటింటా చెల్లాచెదరుగా ఉంటే, విజాపురంలో ఫ. గు. హళకట్టి అనే ప్లీడరు ఊరూరా తిరిగి సేకరించి, ఉన్న ఇల్లు అమ్మి అచ్చుయంత్రం పెట్టుకుని 1920లలో వాటిని లోకానికి ఇచ్చాడు. వారసత్వం అంటే నాకు ఆయన చినిగిన కోటే గుర్తుకొస్తుంది.

లండన్_బస్సు
పంతులుగారు చెప్పిన విగ్రహం నా ఆఫీసు దారిలోనే ఉంది. ఆల్బర్ట్ ఎంబ్యాంక్‌మెంట్ మీద నిలబడితే నదికి అవతల బ్రిటిష్ పార్లమెంటు కనిపిస్తుంది. మన నాయకులు ఎవరు లండన్ వచ్చినా అక్కడ పూలదండ వేసి ఫోటో దిగుతారు, ఏ పార్టీ అన్న తేడా లేదు. ఒకసారి ఒక తెలుగు బృందం వచ్చినప్పుడు నేనూ అక్కడ ఉన్నాను. ఫోటో బాగా రావాలని, విగ్రహానికి అడ్డంగా నిలబడ్డారు. తరువాత ఫోటోలో చూస్తే వెనక పార్లమెంటు గడియారం ఉంది, బసవన్న లేడు.

తాండూరు_నాపరాయి
అందరూ నవ్వండి, కానీ అనుభవ మంటపం గురించి ఈ నాయకులు చెప్పకపోతే దేశంలో ఎంతమందికి తెలిసేది? 2020లో కొత్త పార్లమెంటు శంకుస్థాపన సభలో కూడా దాని ప్రస్తావన వచ్చింది. 12వ శతాబ్దంలో చాకలి, చెప్పులు కుట్టేవాడు, పడవ నడిపేవాడు, ఆడవారు ఒకచోట కూర్చుని చర్చించుకున్నారన్నది గర్వించదగినది కాదా?

ద్విపద_ప్రియ
గర్వించదగినదే. కానీ ఇప్పుడు బొమ్మలలో గీస్తున్న ఆ సభ, అధ్యక్ష పీఠం, దాని మీద శరణులలో పెద్దవాడైన అల్లమప్రభువు, ఈ రూపమంతా ఎక్కువగా 15వ శతాబ్దంలో శరణుల వచనాలను సంభాషణలుగా కూర్చిన శూన్యసంపాదనలనే గ్రంథాలలోనిది. శరణులు కలుసుకున్నారు, వాదించుకున్నారు, వచనాలే దానికి సాక్ష్యం. దానిని తొలి పార్లమెంటు అని పిలవగానే మనకు తీరిన పనిలా అనిపిస్తుంది, ఆ చర్చలో వాళ్లు ఏమి తేల్చారన్నది అడగడం మానేస్తాం.

కంది_చేను
చాలాసేపటి నుంచి చదువుతున్నాను, ఒకటి రాయక తప్పడం లేదు. మాది కూడా లింగాయత కుటుంబమే, ఊరు జిల్లా చెప్పను. మా అన్న కూతురు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ, తనతో చదువుకున్న మాదిగ కుర్రవాడిని పెళ్లి చేసుకుంటానంది. మా అన్న రెండు నెలలు అన్నం సరిగా తినలేదు. అప్పుడు మా ప్రాంతపు నాయకుడు ఒకాయన, ఏటా బసవ జయంతికి తప్పకుండా మాట్లాడే మనిషి, పెద్దమనిషి తరహాలో మా ఇంటికి వచ్చాడు. వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీ వేశాం. చాయ్ సాసర్‌లో పోసుకుని, ఊదుకుంటూ, "పిల్లను కొన్నాళ్లు ఊరికి తెచ్చి ఉంచండి, మనసు మారుతుంది, మన ఇజ్జత్ కూడా ఉంటుంది" అన్నాడు. నాకు ఆగలేదు. "అన్నా, కల్యాణంలో చెప్పులు కుట్టే హరళయ్య కొడుక్కు, బ్రాహ్మడు మధువరసు బిడ్డకు పెళ్లి చేసింది ఎవరు? పోయిన నెల మైకులో మీరే కదా కులం లేదన్నారు" అని అడిగాను. ఆయన కోపం కూడా తెచ్చుకోలేదు. సాసర్ కింద పెట్టి, "అవన్నీ అప్పటి ముచ్చట్లు తమ్మీ, బసవన్న దేవుడు, మనం మనుషులం" అన్నాడు. ద్విపద_ప్రియగారు అవతారం సంగతి రాసినప్పుడు నాకు ఆ సాసరే గుర్తుకొచ్చింది.

సింగూరు_ఒడ్డు
కంది_చేనుగారూ, నా ప్రశ్నకు జవాబు మీ వాకిట్లోనే ఉంది. ఆ పెళ్లి చేసినందుకే హరళయ్యనూ మధువరసునూ ఏనుగు కాళ్లకు కట్టి ఈడ్పించారని మా తాత చెబుతాడు. తరువాతే కల్యాణం అల్లకల్లోలమైంది, బిజ్జలుడు హతుడయ్యాడు, శరణులు ఉళవి వైపు చెదిరిపోయారు. ఇంత జరిగిన చోట 108 అడుగుల బసవన్న విగ్రహం ఉంది, దాని దగ్గరకు వచ్చిన నాయకులు ఎత్తు గురించి మాట్లాడతారు, హరళయ్య గురించి మాట్లాడరు. మీ అన్న కూతురి పెళ్లి జరిగిందా?

కంది_చేను
జరిగింది, రిజిస్టరు ఆఫీసులో. నేను సాక్షి సంతకం పెట్టాను. మా అన్న రాలేదు, కానీ మొన్న మనవడిని చూడటానికి వెళ్లాడు.

చెరువుగట్టు
ఈ ఒక్కచోట మాత్రం నా దగ్గర హాస్యం ఏమీ లేదు. సంతోషం.

తుమకూరు_ముద్ద
బసవన్న సరే, నిన్న మొన్న పోయినవారి సంగతి కూడా చెప్పుకోవాలి. నేను హిందూపురం పిల్లవాడిని, ఇంట్లో గడవక తుమకూరు సిద్ధగంగ మఠంలో ఉండి పదో తరగతి చదువుకున్నాను. తెల్లవారకముందే లేచి ప్రార్థన, మధ్యాహ్నం రాగిముద్ద, చారు. ఎవరి కులమూ అడగలేదు. వేల మంది పిల్లలకు అలాగే నడుస్తుంది. ఆ మఠాధిపతి శివకుమార స్వామిగారు 111 ఏళ్ల వయసులో, 2019 జనవరి 21న లింగైక్యులయ్యారు. ఆ రోజు నుంచి నాయకులు ఆయనకు భారతరత్న ఇవ్వాలని ఒకరిమీద ఒకరు పోటీ పడ్డారు. నాలుగు రోజులకు ప్రకటించిన ముగ్గురిలో ఆయన లేరు. ఇక అప్పుడు ఎవరు అవమానించారన్న దాని మీద పోటీ మొదలైంది. 2022లో ఆయన జయంతికి ఒక్క రోజు తేడాతో రాహుల్ గాంధీ, అమిత్ షా ఇద్దరూ మఠానికి వచ్చారు. వచ్చినందుకు నేను తప్పుపట్టను, ఆయన ఉండగా కూడా అందరూ వచ్చేవారు, అందరికీ విభూతి పెట్టి పంపేవారు. నా అభ్యంతరం ఒక్కటే. ముద్ద పెట్టిన మనిషికి పతకం అడిగినంత గట్టిగా, తమ నియోజకవర్గంలో ఒక్క హాస్టలులో ముద్ద సరిగా ఉందో లేదో ఎవరూ అడగలేదు.

తాండూరు_నాపరాయి
ముద్దగారి మాటకు నేను ఎదురు చెప్పలేను. అయితే మన తెలంగాణలో పరిస్థితి అంత చెడ్డదని మాత్రం ఒప్పుకోను. 2022 ఫిబ్రవరిలో నారాయణఖేడ్‌లో సంగమేశ్వర, బసవేశ్వర ఎత్తిపోతల పథకాలకు కేసీఆర్ శంకుస్థాపన చేశారు. విగ్రహానికి పేరు పెట్టడం వేరు, నీళ్లకు పేరు పెట్టడం వేరు. నీళ్లు చేను చేరితే పథకం పేరు బసవన్నదైనా బాలయ్యదైనా నాకు సంతోషమే.

నిష్ఠూరం
నీళ్లు చేరాక చెప్పండి. 2025 మేలో జహీరాబాద్ హుగ్గెళ్లి దగ్గర విగ్రహాన్ని రేవంత్ రెడ్డి ఆవిష్కరించారు, బసవన్న సామాజిక న్యాయాన్ని తమ ప్రభుత్వ విధానానికి జతచేసి మాట్లాడారు. ప్రభుత్వం మారింది, పేరు మాత్రం మారలేదు.

పాతపేపరు_పంతులు
జహీరాబాద్ లోక్‌సభ స్థానం కర్ణాటక సరిహద్దులో ఉంది, 2008 పునర్విభజనలో ఏర్పడింది. 2009లో సురేశ్ షెట్కార్ కాంగ్రెస్ తరఫున గెలిచారు, 2014లోనూ 2019లోనూ బి.బి. పాటిల్ టీఆర్‌ఎస్ తరఫున గెలిచారు, 2024లో అదే పాటిల్ బీజేపీ తరఫున నిలబడితే షెట్కార్ మళ్లీ గెలిచారు. ఇద్దరూ లింగాయతులే. కనుక సింగూరు_ఒడ్డుగారి కూడలిలో రెండు ఫ్లెక్సీలు వెలవడంలో ఆశ్చర్యం లేదు. మూడోది రాకపోవడమే ఆశ్చర్యం.

సింగూరు_ఒడ్డు
మూడోది కూడా వచ్చింది పంతులుగారూ, మరునాడు. జయంతి అయిపోయిందని అప్పుడు తెలిసిందట.

బెంగళూరు_కోడలు
అయితే ఇంతకూ ఏమి చేద్దామంటారు? ఫ్లెక్సీలు కట్టవద్దంటే కట్టకుండా ఉంటారా?

సింగూరు_ఒడ్డు
నిన్న రాత్రి మా ఉత్సవ సంఘం కూర్చుంది. వచ్చే ఏడాది బండి తిరిగే దారిలో ఎవరి ఫ్లెక్సీ కట్టనివ్వకూడదని అనుకున్నాం. ఒకరిద్దరు ఒప్పుకోలేదు, ఎందుకంటే ప్రసాదం ఖర్చు ఆ ఫ్లెక్సీల వాళ్లే ఇస్తున్నారు. ఇంటికి నూటయాభై చొప్పున వేసుకుంటే సరిపోతుందని మా తాత లెక్క చెప్పాడు. పోయిన ఫ్లెక్సీలు వృథా కాలేదు, ఒకటి మా పక్కింటివాళ్ల గడ్డివాము మీద కప్పి ఉంది. బసవన్న ఉన్న మూల పైకి వచ్చేలా, నాయకుడు ఉన్న వైపు లోపలికి మడిచారు. మడిచింది భక్తితోనో, గాలికి ఎగరకుండానో నేను అడగలేదు. కూడలిలో మాత్రం ఒక సిమెంటు పలక కట్టి, ఏదైనా ఒక వచనం రాయించాలని తీర్మానించాం. ఏది బాగుంటుంది?

ద్విపద_ప్రియ
ఉన్నవారు శివాలయాలు కట్టిస్తారు, పేదవాడిని నేనేమి చేయగలను, నా కాళ్లే కంబాలు, దేహమే దేవళం, శిరసే బంగారు కలశం అన్న వచనాన్ని రాయించండి. చివరి పాదం "స్థావరక్కళివుంటు, జంగమక్కళివిల్ల". నిలబెట్టినది కూలుతుంది, కదిలేది కూలదు. విగ్రహాల పోటీ నడుస్తున్న చోట అదే తగినది.

గుంటూరు_ఆరాధ్య
ఈ ఒక్క విషయంలో ద్విపద_ప్రియగారితో నాకు పేచీ లేదు. కాకపోతే స్థావరం నిలవదన్న మాటను సిమెంటు పలక మీద చెక్కించడం బాగుంటుందా అన్నది ఆలోచించండి.

చెరువుగట్టు
ఆరాధ్యగారు ఇప్పటికి దారిలోకి వచ్చారు.

కంది_చేను
నా ఓటు "ఇవనారవ" వచనానికి. వీడెవడు, వీడెవడు అనిపించకు, వీడు మావాడు, వీడు మావాడు అనిపించు అని కూడలసంగమదేవుడిని వేడుకునేది. కూడలిలో నిలబడి అందరూ చదవవలసింది అదే.

సింగూరు_ఒడ్డు
రెండూ తాతకు చదివి వినిపించాను. రెండూ రాయించమన్నాడు. పెయింటరు మాత్రం అక్షరానికి పన్నెండు రూపాయలు అడుగుతున్నాడు, ఒత్తు ఉంటే ఇంకో మూడు.

నిష్ఠూరం
"స్థావరక్కళివుంటు" దగ్గరే మీ సంఘం డబ్బు అయిపోతుంది. "ఇవ నమ్మవ" రాయించండి, అయిదు అక్షరాలు, ఒక్కటే ఒత్తు.

సింగూరు_ఒడ్డు
అరవై మూడు రూపాయలు. తాత ఇచ్చేశాడు.